బాప్తిస్మం: అర్థం, చరిత్ర – వెల్లంపల్లి రేవు (1878) ఆధారంగా ఒక అధ్యయనం

1. విషయ పరిచయం

గత పాఠంలో తెలుగు ప్రాంతాలకు క్రైస్తవ మిషన్లు వచ్చిన క్రమాన్ని చదివారు. ఈ పాఠంలో ఆ మతానికి ప్రవేశ ద్వారం వంటి బాప్తిస్మాన్ని పరిశీలిద్దాం. మీలో కొందరు క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చి ఉంటారు. వారికి ఇది ఇంటి విషయమే. మిగిలిన వారు ఏ చెరువు గట్టు మీదనో, కాలువ రేవులోనో తెల్లబట్టలు కట్టుకున్న మనుషులను పాస్టరు నీళ్లలో ముంచి లేపడం చూసి ఉండవచ్చు. చూసినది ఒకటే అయినా అందులో వేదాంతికి కనిపించేది వేరు, చరిత్ర విద్యార్థి వెతకవలసింది వేరు.

బాప్తిస్మం వల్ల పాపం పోతుందా, మోక్షం వస్తుందా అన్నది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. దానిపై తీర్పు చెప్పడం చరిత్రకారుని పని కాదు. మనం మూడు ప్రశ్నలు వేసుకుందాం. నీళ్లలోకి దిగిన మనిషి దేన్ని వదిలి దిగాడు? పైకి వచ్చి ఎవరితో కలిశాడు? దానికి ఏ మూల్యం చెల్లించాడు? పాఠం పొడవునా ఈ మూడింటినీ గుర్తుంచుకోండి. ముందు బాప్తిస్మం అర్థం ఎలా రూపుదిద్దుకుందో చూసి, తర్వాత 1878 జూలైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో జరిగిన సామూహిక బాప్తిస్మాలను వివరంగా పరిశీలిద్దాం.

2. పదం, దాని మూలాలు

'బాప్తిస్మం' గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. మూలధాతువుకు ముంచడం, నీటిలో మునిగేలా చేయడం అని అర్థం. తెలుగు ప్రొటెస్టెంటులు ఆ గ్రీకు మాటనే తెలుగు చేసుకుని 'బాప్తిస్మము' అన్నారు. కథోలికులు 'జ్ఞానస్నానము' అంటారు. ఒకటి అరువు తెచ్చుకున్న మాట, మరొకటి మన భాషలో అల్లుకున్న మాట. రెండింటి వెనుక ఉన్న ఆచారం ఒకటే.

నీటితో శుద్ధి చేసుకోవడం క్రైస్తవంతో మొదలు కాలేదు. యూదుల ధర్మశాస్త్రంలో శుద్ధి స్నానాలు ఉన్నాయి. కానీ అవి మళ్లీ మళ్లీ చేసే స్నానాలు. మొదటి శతాబ్దంలో యొర్దాను నది దగ్గర బోధించిన యోహాను ఇందులో ఒక మార్పు తెచ్చాడు. మారుమనస్సుకు గుర్తుగా జనాన్ని నదిలోకి పిలిచాడు. ఎవరికి వారు చేసుకునే స్నానం కాకుండా, ఇంకొకరి చేతుల మీదుగా పొందే స్నానం అయింది. అందుకే ఆయనకు 'బాప్తిస్మమిచ్చు యోహాను' అన్న పేరు వచ్చింది. యేసు కూడా ఆయన చేతనే బాప్తిస్మం పొందాడని సువార్తలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఎవరూ తనకు తాను బాప్తిస్మం ఇచ్చుకోలేడు. ఇచ్చే మనిషి ఒకరు, చూసే సంఘం ఒకటి ఉండాలి. అంటే బాప్తిస్మం మొదటి నుంచీ నలుగురి మధ్య జరిగే చర్య. మనసులో విశ్వసించడం ఒంటరిగా జరగవచ్చు, బాప్తిస్మం అలా జరగదు.

దీనికి లోతైన అర్థం చెప్పినవాడు పౌలు. రోమీయులకు రాసిన పత్రికలో ఆయన నీటిలో మునగడాన్ని క్రీస్తుతో పాటు సమాధి కావడంతోనూ, పైకి లేవడాన్ని కొత్త జీవితంతోనూ పోల్చాడు. గలతీయులకు రాసిన పత్రికలో, బాప్తిస్మం పొందినవారిలో యూదుడు–గ్రీసుదేశస్థుడు, దాసుడు–స్వతంత్రుడు, పురుషుడు–స్త్రీ అనే భేదం లేదన్నాడు. మొదటిది మనిషి లోపలి మార్పును గురించి, రెండవది సమాజంలో అతని స్థానాన్ని గురించి. రెండు వేల ఏళ్ల బాప్తిస్మ చరిత్రలో ఈ రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి. ఒక్కోచోట మొదటిది ముందుకు వచ్చింది, ఒక్కోచోట రెండవది.

3. తొలి సంఘంలో బాప్తిస్మం

పెంతెకొస్తు దినాన యెరూషలేములో సుమారు మూడు వేల మంది బాప్తిస్మం పొందారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. ఆ గ్రంథంలో వినగానే నమ్మి, నమ్మగానే నీళ్లలోకి దిగిన ఉదంతాలే ఎక్కువ. సంఘం పెరిగిన కొద్దీ ఈ తొందర తగ్గింది. రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులపై హింస ఉన్న రోజుల్లో, చేరేవారిని పరీక్షించి చేర్చుకోవలసి వచ్చింది. 'అపొస్తలుల సంప్రదాయం' పేరుతో మనకు దొరికిన ప్రాచీన నియమావళి ప్రకారం, చేరదలచినవారు మూడేళ్లు ఉపదేశం వినాలి. వారి నడత ఎలా ఉందో తెలిసినవారు సాక్ష్యం చెప్పాలి.

అదే నియమావళిలో వృత్తుల పట్టిక ఒకటి ఉంది. విగ్రహాలు చేసేవాడు ఆ పని మానుకోవాలి. రంగస్థలంలో మనుషులను చంపే ఖడ్గయోధుడు ఆ వృత్తి వదలాలి. లేకపోతే బాప్తిస్మం లేదు. అంటే నీళ్లలోకి దిగేముందు ఒడ్డున వదలవలసినవి కొన్ని ఉండేవి. అవి పాపాలు మాత్రమే కావు, కొందరికి బతుకుతెరువులు కూడా. ఈ విషయాన్ని మనసులో ఉంచుకోండి, ఒంగోలులో మళ్లీ ఎదురవుతుంది.

నాల్గవ శతాబ్దంలో పరిస్థితి తలకిందులైంది. చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రైస్తవాన్ని ఆదరించాడు. ఆయన తన బాప్తిస్మాన్ని మాత్రం 337లో మరణశయ్య మీదకు వచ్చేదాకా వాయిదా వేశాడు. బాప్తిస్మం ఒక్కసారే, దానితో అంతకు ముందటి పాపాలన్నీ పోతాయని నమ్మిన కాలంలో, దాన్ని చివరిదాకా దాచుకోవడం చాలామంది చేసిన పనే.

4. శిశువులకా, విశ్వాసులకా?

పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చా అన్న వాదం కూడా పాతదే. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాకు చెందిన టెర్టులియన్ బాప్తిస్మం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసి, పిల్లల విషయంలో ఆగడమే మంచిదన్నాడు. అదే కార్తేజ్ నగరంలో అర్ధ శతాబ్దం తర్వాత బిషప్ సిప్రియన్, ఆయన తోటి బిషప్పులు నవజాత శిశువుకైనా ఆలస్యం చేయవద్దన్నారు. అయిదవ శతాబ్దంలో అగస్టీన్ జన్మపాప సిద్ధాంతాన్ని బలంగా ప్రతిపాదించాడు. ఆ తర్వాత ఐరోపాలో శిశు బాప్తిస్మమే సాధారణ పద్ధతి అయింది. పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం అంటే, సంఘమూ సమాజమూ ఒకటే అని అర్థం. ఇక చేరడం అన్నదే లేదు. పుట్టుకే సభ్యత్వం.

పదహారవ శతాబ్దంలో దీన్ని ప్రశ్నించినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1525 జనవరిలో స్విట్జర్లాండులోని జ్యూరిచ్‌లో కొందరు, తెలియని వయసులో జరిగిన బాప్తిస్మం చెల్లదని, పెద్దవారయ్యాక తిరిగి పొందారు. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీటితో చేసిన తప్పుకు నీటితోనే శిక్ష అన్నమాట. ఇలాంటి ఆలోచనల ప్రభావం ఉన్న వాతావరణంలోనే 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న ఆంగ్లేయ ప్రవాసుల మధ్య తొలి బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

ఈ తేడా తెలుగు ప్రాంతాల్లో నేటికీ ఉంది. కథోలికులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం వారు శిశువులకు కూడా బాప్తిస్మం ఇస్తారు. సాధారణంగా తలపై నీరు పోస్తారు లేదా చిలకరిస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలవారు స్వయంగా విశ్వాసాన్ని ఒప్పుకున్న వారికే, అదీ నిండా ముంచి ఇస్తారు. మొదటి వర్గానికి బాప్తిస్మం దేవుడు చేసే పని, కృపను అందించే సంస్కారం. రెండవ వర్గానికి అది మనిషి ఇచ్చే జవాబు, నలుగురి ముందు చెప్పే సాక్ష్యం. 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు బాప్టిస్టులు అందులో చేరలేదు.

5. తెలుగు నేల మీద: ఒంటరి బాప్తిస్మం, గుంపు బాప్తిస్మం

భారతదేశంలో పంతొమ్మిదవ శతాబ్దపు మిషన్ల చరిత్రను రెండు దశలుగా చూడవచ్చు. మొదటిది ఒక్కొక్కరుగా వచ్చిన దశ. 1800 డిసెంబరులో బెంగాలులోని శ్రీరాంపూర్ వద్ద హుగ్లీ నదిలో విలియం కేరీ చేతుల మీదుగా కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం పొందాడు. కేరీ ఇండియాకు వచ్చిన ఏడేళ్ల తర్వాత సంగతి ఇది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ నడిపిన బడిలో 1852లో ఇద్దరు అగ్రకులాల విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో పట్టణంలో పెద్ద అలజడి రేగింది. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మానిపించారు.

ఒంటరిగా బాప్తిస్మం పొందినవాడు ఇంటికి, కులానికి, వారసత్వానికి దూరమయ్యేవాడు. మతం మారినంత మాత్రాన ఆస్తి హక్కు పోదంటూ 1850లో ప్రభుత్వం ఒక చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ నష్టం ఎంతటిదో ఊహించండి. అంతవరకు ఉపదేశం విన్నా, బైబిలు చదివినా, దొర బడిలో చదువుకున్నా కులం సహించేది. నీళ్లలోకి దిగిన తర్వాత సహించేది కాదు. చుట్టూ ఉన్న సమాజం కూడా బాప్తిస్మాన్నే సరిహద్దుగా గుర్తించింది.

రెండవ దశ ఇందుకు భిన్నం. ఇందులో మనిషి ఒంటరిగా రాలేదు. బంధువులతో, పల్లెతో కలిసి వచ్చాడు. దీన్నే చరిత్రకారులు సామూహిక ఉద్యమం అంటారు. తెలుగు ప్రాంతంలో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఒంగోలు.

6. ఒంగోలు: పేరయ్యతో మొదలు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. చాలా ఏళ్లపాటు అక్కడ చేరినవారు బహు కొద్దిమంది. ఫలితం లేదని ఈ మిషన్‌ను మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. పటంలో ఒంటరిగా కనిపించిన ఈ కేంద్రానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. మతబోధకు రాకముందు ఆయన అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు. ఆ అనుభవం ఎందుకు పనికొచ్చిందో ముందు ముందు చూస్తారు.

అయితే ఈ ఉద్యమాన్ని నడిపించింది క్లౌ ఒక్కడే కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకు ముందే ఒక యోగ సంప్రదాయంలో ఉపదేశం పొంది, శిష్యులకు బోధించే స్థితిలో ఉన్నాడు. ఆయన, భార్య నాగమ్మ 1866లో జువెట్ అనే మిషనరీ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. తర్వాత పేరయ్య తన బంధువుల పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య తీసుకొచ్చిన వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ దగ్గరకు జనం వెళ్లారనడం కంటే, జనంలోని ఒక పెద్ద మిషనరీని తమ దగ్గరకు రప్పించాడనడం సరైనది.

వెంటనే ఒక చిక్కు వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము దగ్గరకు రామని అగ్రకులాల వారు చెప్పారు. క్లౌ, ఆయన భార్య ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగమే ఇద్దరికీ కనిపించిందని క్లౌ రాసుకున్నాడు. మాదిగలను వదలకూడదని ఆ దంపతులు నిశ్చయించుకున్నారు.

చేరినవారికి మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పనిచేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. చదవడానికి ఇవి మామూలు నియమాల్లా ఉంటాయి. ఆనాటి గ్రామ వ్యవస్థలో పెట్టి చూడండి. మాదిగ ఆదివారం పనికి రానంటే, పిలిచినప్పుడల్లా రావలసిన వెట్టి దెబ్బతింటుంది. విగ్రహాల జోలికి పోనంటే, జాతరలో డప్పు కొట్టేవాడు ఉండడు. చచ్చిన గొడ్డు మాంసం ముట్టనంటే, తనను అంటరానివాడిగా నిలబెట్టిన గుర్తుల్లో ఒకదాన్ని తానే తుడిపేసుకున్నట్టు. మూడవ శతాబ్దపు రోమాలో విగ్రహాలు చేసేవాణ్ణి వృత్తి మానమన్న నియమానికి దీనికి పోలిక ఉంది. అయితే ఒక తేడా ఉంది. అక్కడ ఒక్క మనిషి వృత్తి మారింది. ఇక్కడ ఊరంతా ఒక కులం మీద మోపిన చాకిరీ కదిలింది. అందుకే ఊరి పెద్దలు ఊరుకోలేదు. చేరినవారికి పనులు ఇవ్వకపోవడం, నీళ్లకు రానివ్వకపోవడం, కొట్టడం వంటి సంఘటనలు మిషన్ కథనాల్లో తరచుగా కనిపిస్తాయి.

7. ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువ

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చిపిప్పి చేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అంటారు. వానలు లేవు. ధాన్యం ధర అందుబాటులో లేదు. ముందుగా చనిపోయినవారు భూమి లేని కూలీలు, మాల మాదిగ పల్లెలవారు. కరువు వెనుకే కలరా వచ్చింది.

ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువను తవ్వించింది. పని జరిగే చోట పై కులాల మేస్త్రీలు మాదిగలను తిట్టి తరిమేస్తున్నారని ఫిర్యాదులు రావడంతో, క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. పాత సర్వేయరు పనితనం అప్పుడు అక్కరకొచ్చింది. సంఘ ప్రచారకులే మేస్త్రీలయ్యారు. పగలు పని చేయించి, పొద్దుగూకాక కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఎన్నో ఊళ్ల నుంచి వచ్చినవారు అక్కడ ఒకే చోట ఉండడం వల్ల, అంతకు ముందు పదేళ్లలో చేరని చోట్లకు ఈ బోధ చేరింది.

ఇక్కడ ఒక కీలకమైన సంగతి ఉంది. కరువు పనులు సాగుతున్నంత కాలం, 1877 మార్చి నుంచి పదిహేను నెలలపాటు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వందల మంది అడిగినా ఆపాడు. కూలి కోసం, గంజి కోసం చేరారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం.

8. వెల్లంపల్లి రేవు, 1878 జూలై

కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూన్‌లో క్లౌ ప్రచారకులను, సంఘస్థులను వెల్లంపల్లి దగ్గర సమావేశం కమ్మని పిలిచాడు. అది ఒంగోలుకు సుమారు పది మైళ్ల ఉత్తరాన, రహదారి గుండ్లకమ్మ నదిని దాటేచోటు. ఒంగోలులో పెద్ద గుంపు చేరితే అంటువ్యాధి ప్రబలుతుందన్న భయం కూడా ఉంది. ఆయన పాత సంఘస్థుల కోసం ఎదురుచూస్తే, బాప్తిస్మం కావాలంటూ వేలమంది వచ్చారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, వెళ్లిపొమ్మని తాను చెప్పినట్టు, తమకు సాయం అక్కరలేదని, పనిచేసి కాయలు కాచిన చేతులే అందుకు రుజువని, వచ్చే పంట కూడా పోతే క్రైస్తవులుగా చనిపోతామని వారు జవాబిచ్చినట్టు క్లౌ రాశాడు.

ప్రచారకులు ఊరూరా పట్టికలు రాసుకున్నారు. పేరుపేరునా విచారించారు. జూలై 2న 614 మంది, జూలై 3న 2,222 మంది, జూలై 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న ఆరుగురు ప్రచారకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు చొప్పున నదిలో నిలబడ్డారు. ఉదయం మొదలుపెట్టి, మధ్యాహ్నం ఎండవేళ ఆపి, మళ్లీ సాయంత్రం దాకా, మొత్తం సుమారు తొమ్మిది గంటల పని. లెక్క వేస్తే ఒక్కొక్కరికి దాదాపు అర నిమిషం. క్లౌ ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, ఒడ్డున నిలబడి చూశాడు. నీళ్లలో నిలబడి చేతులు పట్టి ముంచి లేపిన ఆరుగురూ తెలుగువారే.

ఆ ఏడాది జూన్ మధ్య నుంచి డిసెంబరు చివరి వరకు ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మం పొందినవారు 9,606 మంది. 1880 దశకం తొలి సంవత్సరాల్లో ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలు దాటారు.

9. అన్నమా, విశ్వాసమా? ఆధారాలను చదవడం

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతిలో ఎవరో ఒకరు ఇదే అడిగేవారు: "సార్, వాళ్లు అన్నం కోసమే కదా చేరింది?" ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పే పద్ధతి నేర్చుకోవడమే ఈ పాఠంలో ముఖ్యం.

ముందు ఆధారాలను తూకం వేయండి. పదిహేను నెలల నిషేధం ఒక వైపు ఉంది. కూలి దొరికే రోజుల్లో బాప్తిస్మం లేదు, బాప్తిస్మం మొదలైనప్పుడు కూలి ఆగిపోయింది. పైగా ఉద్యమం కరువుకు పదేళ్ల ముందే మొదలైంది. మరో వైపు, కరువుకు ముందు పదేళ్లలో చేరినవారికంటే ఆ ఒక్క సంవత్సరంలో చేరినవారు ఎంతో ఎక్కువ. ఆకలిలో ఆదుకున్న చేతిని జనం మరిచిపోరు. తర్వాత ఆపదలో మళ్లీ ఆదుకుంటారన్న ఆశ వారికి ఉండి ఉంటే అందులో ఆశ్చర్యం లేదు.

రెండవది, మాట్లాడుతున్నది ఎవరో చూడండి. మన ఆధారాల్లో అధికభాగం మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. క్లౌ జ్ఞాపకాల పుస్తకం ఆయన 1910లో మరణించిన తర్వాత, 1914లో వెలువడింది. అంటే సంఘటన జరిగి ముప్పై ఆరేళ్లయింది. ఆ రోజు గుండ్లకమ్మలోకి దిగిన 2,222 మందిలో చదవను రాయను వచ్చినవారు చాలా తక్కువ. వారి మాట మనకు ఇతరుల కలం ద్వారానే చేరింది. అందుకే వారి నోట పెట్టిన మాటలకంటే వారు చేసిన పనులు నమ్మదగిన సాక్ష్యం.

మూడవది, ప్రశ్ననే సరిచూసుకోండి. అన్నమా, విశ్వాసమా అని విడదీయడం కడుపు నిండినవారికి తేలిక. అన్నం అంటే మర్యాద కూడా అయిన మనిషికి, ఊరు పారేసిన గొడ్డును తినడం తప్ప దారిలేని మనిషికి, ఆ రెండూ విడిగా ఉండవు. చచ్చిన మాంసం ముట్టనన్నవాడు కరువుకాలంలో ఒక తిండిని వదులుకుంటున్నాడు. అన్నం కోసమే చేరినవాడైతే ఆ నియమం అతనికి గిట్టుబాటు కాదు. ఊరి పనులు పోవడం, పెద్దల కోపం కూడా అతని లెక్కలో ఉంటాయి. లాభనష్టాల పట్టిక వేస్తే బాప్తిస్మం 1878లో చవక బేరం కాదు.

ఇంకొక విషయం చెప్పాలి. ఊరి బావిలో చేద వేయడానికి, ఊరి చెరువు రేవులో దిగడానికి హక్కు లేని మనుషులు వీరు. వీరు తాకితే నీరు మైలపడుతుందని ఊరు నమ్మింది. అలాంటివారిని పట్టపగలు, పారే నదిలో, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, చేయి పట్టుకుని ముంచి లేపారు. వారిని తాకిన నీరు మైలపడలేదు, వారే పవిత్రులయ్యారని వారి సంఘం ప్రకటించింది. పౌలు చెప్పిన రెండు అర్థాలూ ఆ రేవులో ఒకేసారి కనిపిస్తాయి. వేదాంతం వారికి ఎంత తెలిసిందో మనం కొలవలేం. ఈ ఒక్క తేడా మాత్రం వారికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

10. ఒడ్డున వదలనివి

అయితే నీళ్లు అన్నిటినీ కడిగివేయలేదు. బాప్తిస్మం పొందినవారు తిరిగి వెళ్లింది అదే పల్లెకు, ఊరి చివరి అదే గూడేనికి. ఒంగోలు బాప్టిస్టు సంఘంలో మాదిగలు అధికం. వేరే కొన్ని మిషన్లలో మాలలు అధికం. ఒక కులం ఒక మిషన్‌లో చేరితే రెండవ కులం ఇంకొక మిషన్‌ను వెతుక్కున్న చోట్లు ఉన్నాయి. గలతీయుల పత్రికలో లేదన్న భేదం సంఘాల పటంలో మిగిలిపోయింది. అగ్రకులాల క్రైస్తవులు ఉన్నచోట పెళ్లి సంబంధాలు కులం దాటలేదు.

మూడేళ్ల ఉపదేశం తర్వాత ఇచ్చిన బాప్తిస్మానికి, ఒక్క వేసవిలో వేలమందికి ఇచ్చిన బాప్తిస్మానికి తేడా కూడా ఉంది. మొదటి పద్ధతిలో ఉపదేశం ముందు, నీరు తర్వాత. ఒంగోలులో నీరు ముందు వచ్చింది, ఉపదేశం వెంట రావలసి వచ్చింది. ఆ అవసరమే పల్లెపల్లెకు బడిని, ఉపాధ్యాయుణ్ణి తెచ్చింది. బాప్తిస్మం పొందినవాడు బైబిలు చదవాలంటే అక్షరం రావాలి. తెలుగు ప్రాంతంలో దళితుల తొలితరం చదువుకు ఈ పల్లె బడులు పునాది అయ్యాయన్నది చరిత్రకారులు సాధారణంగా అంగీకరించే విషయం.

11. చట్టం ముందు బాప్తిస్మం

చెల్లించిన మూల్యం అన్న మూడవ ప్రశ్న పంతొమ్మిదవ శతాబ్దంతో ముగియలేదు. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులాల వారిగా పరిగణించరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దీన్ని సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సడలింపు లేదు. క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతతిని తెలుగు రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల జాబితాలో సి గ్రూపుగా చూపుతారు. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది.

సడలించవద్దనేవారి వాదన ఇది: అంటరానితనం హిందూ సమాజానికి చెందినది, క్రైస్తవం కులాన్ని ఒప్పుకోదు, కాబట్టి మారినవారికి ఆ రక్షణ అవసరం లేదు. సడలించాలనేవారి వాదన ఇది: మతం మారినా గూడెం మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు, మతాన్ని బట్టి రక్షణ తీసివేయడం సమానత్వానికి విరుద్ధం. ఈ రెండు వాదాలనూ మీరు పరీక్షలో నిష్పక్షపాతంగా రాయగలగాలి.

ఇందులో బాప్తిస్మానికి ఉన్న స్థానం గమనించండి. మనసులోని విశ్వాసాన్ని కార్యాలయం చూడలేదు. సంఘం రిజిస్టరులో పేరు, తేదీ, పాస్టరు సంతకం మాత్రం చూడగలదు. అందువల్ల ఆత్మకు సంబంధించిన సంస్కారం వివాదాల్లో సాక్ష్యపత్రంగా మారింది. ఆదివారం ఆరాధనకు వెళుతూ, ఇంట్లో బైబిలు చదువుతూ, బాప్తిస్మం మాత్రం వాయిదా వేసుకునే కుటుంబాలు తెలుగు పల్లెల్లో ఉన్నాయి. కాన్‌స్టంటైన్ పాపాల లెక్క చూసుకుని వాయిదా వేశాడు. వీరు పిల్లల చదువు, ఉద్యోగం చూసుకుని వాయిదా వేస్తున్నారు. రెండు చోట్లా ఒక్క సంగతి రుజువవుతుంది: బాప్తిస్మం వెనక్కు తీసుకోలేని అడుగు అని వాయిదా వేసేవారికే అందరికంటే బాగా తెలుసు.

12. సారాంశం

బాప్తిస్మం శుద్ధి స్నానంగా మొదలై, మరణం–పునరుత్థానాలకు గుర్తుగా, సంఘంలో ప్రవేశంగా రూపుదిద్దుకుంది. ఎవరికి, ఏ వయసులో, ఎలా ఇవ్వాలన్న విషయంలో క్రైస్తవులు ఏకాభిప్రాయానికి రాలేదు. కానీ అది నలుగురి ముందు జరిగే చర్య అన్న విషయంలో అందరూ ఒకటే. ఈ బహిరంగ స్వభావమే దానికి చారిత్రక బలాన్నిచ్చింది. వెల్లంపల్లి రేవులో దిగినవారు వెట్టిలో కొంత భాగాన్ని, చచ్చిన మాంసాన్ని, జాతర డప్పును ఒడ్డున వదిలారు. పేరు పెట్టి పిలిచే ఒక సంఘంలో కలిశారు. ఊరి కోపాన్ని భరించారు. వారి సంతతి నేడు చట్టపరమైన నష్టాన్ని భరిస్తోంది. కులాన్ని మాత్రం వారు పూర్తిగా వదల్లేకపోయారు, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఉన్నది వారు మాత్రమే కాదు.

ఒక మతాచారం అర్థాన్ని గ్రంథంలో మాత్రమే వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం దాన్ని పాటించినవారి జీవితంలో ఉంటుంది. రాబోయే పాఠంలో పల్లె బడుల గురించి చదివేటప్పుడు కూడా ఈ సూత్రాన్ని మరవకండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. యూదుల శుద్ధి స్నానాలకు, యోహాను ఇచ్చిన బాప్తిస్మానికి గల తేడా ఏమిటి? (పది పంక్తుల్లో)
2. శిశు బాప్తిస్మం, విశ్వాస బాప్తిస్మం వెనుక ఉన్న భిన్న దృక్పథాలను వివరించండి. (ముప్పై పంక్తుల్లో)
3. ఒంగోలు సంఘం పెట్టిన మూడు నియమాలు గ్రామ వ్యవస్థను ఎలా కదిలించాయి? (ముప్పై పంక్తుల్లో)
4. 1878 నాటి బాప్తిస్మాలకు కరువే కారణమన్న అభిప్రాయాన్ని ఆధారాలతో పరిశీలించండి. (ముప్పై పంక్తుల్లో)
5. మీ ఊరిలో లేదా దగ్గరి ఊరిలో ఉన్న పాత సంఘాన్ని సందర్శించి, తొలి బాప్తిస్మాల గురించి పెద్దలు చెప్పే సంగతులను రాసుకోండి. ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది అన్నది కూడా తప్పక నమోదు చేయండి.